లిఫ్ట్ లేవకపోతే ట్రాక్టరు చచ్చినట్టు కాదు

పోయిన వానల తర్వాత మన ఇంటి పాత మాసీ 1035 గొర్రు ఎత్తడం మానేసింది. ఒట్టి లిఫ్ట్ చేతులు బాగానే లేస్తున్నాయి. గొర్రు తగిలిస్తే మాత్రం జానెడు లేచి అక్కడే మూలుగుతుంది. వచ్చి చూసిన మెకానిక్ ఒకాయన "పంపు పోయింది, మొత్తం విప్పాల్సిందే" అన్నాడు. చిన్నాయన "ఇంకెందుకు, పాత ఇనుము వాడికి వేసేద్దాం. బాడుగ బండి పిలిస్తే ఒక పూటలో దున్ని పోతాడు" అన్నాడు. వారం రోజులు ఇంట్లో ఇదే రచ్చ. చివరికి చూస్తే పోయింది పంపు కాదు. మన బంధువుల ఇళ్ళలో ఇంకా రెండు మూడు పాత బండ్లు ఉన్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

నా మాట ఒక్కటే. లిఫ్ట్ పని చెయ్యకపోతే ఖర్చు లేని పరీక్షలన్నీ అయ్యాకే స్పానర్ పట్టాలి. అవన్నీ అయ్యేదాకా బండిని అమ్మే మాట ఎత్తకూడదు.

ఆ లిఫ్ట్ ఏమిటో మొదట తెలుసుకోవాలి. ఐర్లాండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ ఆలోచన అది. అంతకుముందు నాగలిని బండి వెనక గొలుసుతోనో కడ్డీతోనో లాగేవాళ్ళు. నాగలి రాయికో వేరుకో తగులుకుంటే బండి ముందు చక్రాలు గాల్లోకి లేచేవి, తోలేవాడి ప్రాణం మీదికి వచ్చేది. ఫెర్గూసన్ మూడు కడ్డీలతో నాగలిని బండికే కట్టి, హైడ్రాలిక్ బలంతో ఎత్తేలా చేశాడు. నేల గట్టిగా తగిలితే పై కడ్డీ ముందుకు నొక్కుతుంది, వెనకున్న స్ప్రింగు అణుగుతుంది, లిఫ్ట్ దానంతట అది నాగలిని కొంచెం పైకి తీస్తుంది. నాగలి బరువు వెనక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది. చిన్న బండి పెద్ద పని చెయ్యడానికి కారణం ఇదే. ఈ రోజు వచ్చే కొత్త ట్రాక్టర్లలోనూ మూలసూత్రం ఇదే.

1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అదే సంవత్సరం మద్రాసులో టాఫే కంపెనీ పుట్టింది. ఆ ఎర్ర బండ్లు మన వైపు మడక సేద్యాన్ని మార్చేశాయి. జేజినాయన కొన్న బండి ఇప్పటికీ నడుస్తోందంటే, ఆయన దాన్ని ఎద్దుని చూసుకున్నట్టు చూసుకోవడం వల్లే.

ఇక చూడాల్సిన వరస.

ముందు పీటీఓ లివర్. ఈ తరహా బండ్లలో హైడ్రాలిక్ పంపు వెనక పెట్టెలో, ఆయిల్లో మునిగి ఉంటుంది. దాన్ని తిప్పేది పీటీఓ షాఫ్టు. లివర్ న్యూట్రల్లో ఉంటే పంపు తిరగదు, లిఫ్ట్ లేవదు. సింగిల్ క్లచ్ బండి అయితే క్లచ్ తొక్కినంతసేపూ లిఫ్ట్ ఆగిపోతుంది. ఇది తెలియక లిఫ్ట్ పాడైందని మెకానిక్‌కి కబురు పెట్టినవాళ్ళు ఉన్నారు.

తర్వాత ఆయిల్. చదునైన నేల మీద, లిఫ్ట్ చేతులు కిందికి దించి చూడాలి. గేరుబాక్సుకూ వెనక యాక్సిలుకూ లిఫ్టుకూ ఒకటే ఆయిల్. ఎక్కడ కారినా లిఫ్టుకు తక్కువవుతుంది. రంగు కూడా చూడాలి. టీ రంగులో తెల్లగా ఉంటే నీళ్ళు కలిసినట్టు.

ఆ తర్వాత సీటు పక్కనున్న లివర్లు సరైన చోట ఉన్నాయా, బండి నెలల తరబడి నిలబడి ఉందా అని చూడాలి. నిలబడిన బండిలో కంట్రోల్ వాల్వు బిగుసుకుపోవడం మామూలే.

ఇవన్నీ సరిగా ఉంటే బరువు పరీక్ష. గొర్రు ఎత్తి ఇంజన్ ఆపాలి. వెంటనే దిగిపోతే సిలిండర్ రింగులు, సీళ్ళు, వాల్వుల వైపు అనుమానం. దిగకుండా నిలబడి, ఎత్తేటప్పుడే నీరసంగా ఉంటే ఆయిల్ పీల్చే దారి, జల్లెడ, రిలీఫ్ వాల్వు చూసి, చివరికి పంపు దగ్గరికి రావాలి. పొద్దున బాగా లేచి, ఎండెక్కి ఆయిల్ వేడయ్యాక లేవకపోతే లోపల ఏదో అరిగిందని అర్థం. పలచబడిన ఆయిల్ ఆ సందుల్లోంచి జారిపోతుంది.

ఒక హెచ్చరిక. ఎత్తి ఉన్న గొర్రు కింద ఎవరూ దూరకూడదు. దిమ్మెలు పెట్టి ఆనించినాకే కింద పని. కారే చోటు వెతకడానికి చెయ్యి పెట్టకండి, ప్రెషర్‌లో ఉన్న ఆయిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది.

మన బండిలో జరిగింది ఏమంటే, గేరు లివర్ దగ్గర రబ్బరు తొడుగు చిరిగి ఉంది. బండి చింతచెట్టు కింద ఆరుబయట వానంతా తడిసింది. నాయన ఒక రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, తెల్లారి కింది ప్లగ్గు కొంచెం వదులు చేస్తే మొదట వచ్చింది ఒట్టి నీళ్ళే. తర్వాత మజ్జిగలాంటి ఆయిల్. మొత్తం దించి, జల్లెడ కడిగి, అడుగున పేరుకున్న మడ్డి తీసి, కొత్త ఆయిల్ పోశాం. రబ్బరు తొడుగు మార్చాం. గొర్రు లేచింది. కానీ ఇంజన్ ఆపితే మెల్లగా దిగుతోంది, అంటే సిలిండర్ రింగు కూడా అరిగింది. అది మార్చడానికి పైమూత ఎత్తక తప్పలేదు. అయినా పంపు కొనే పని తప్పింది. తప్పు బండిది కాదు, ఆ రబ్బరు ముక్కని పట్టించుకోని మనదే.

చిన్నాయన మాటలో న్యాయం లేదని అనను. పెట్టె పగిలిపోయినా, పంపూ సిలిండరూ రెండూ అరిగిపోయినా డబ్బు పోసి లాభం లేదు. చెరుకుతోటకు, పెద్ద రోటవేటర్‌కు ఈ బండి చాలదు, అక్కడ బాడుగ బండే మేలు. కానీ మన చెనిక్కాయ చేనుకు అదను దాటకుండా గొర్రు తోలాలంటే ఇంట్లో బండి ఉండాలి. వాన పడిన మరుసటి రోజు అందరూ బాడుగ బండి కోసమే ఎదురుచూస్తారు. మన వంతు వచ్చేసరికి పదును పోతుంది. ఈ లెక్క ఇనుము ధరలో కనిపించదు.

ఇంకో బాధ ఉంది. పంపు మూలుగు విని రోగం చెప్పగల పెద్ద చేతులు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. మన పిల్లలు బడిలో తమిళం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చాలామంది చదవలేరు. నేను ఇక్కడ ఎంత రాసినా వాళ్ళకు అందదు. అందుకే ఆడికృత్తికకు అందరూ తిరుత్తణి వచ్చినప్పుడు ఒక పూట బండి దగ్గర కూర్చుందాం. నాయన చెప్పేది వాళ్ళు విని, డిప్‌స్టిక్ వాళ్ళ చేతులతోనే తీసి చూడాలి. మీ ఇళ్ళలో పాత బండి ఉంటే, ఈలోపు గేరు లివర్ దగ్గర రబ్బరు చిరిగిందేమో చూడండి. వానకు ముందే.