సముద్రపు నాచులో ఔషధ గుణాలు - ఆశలు, ఆధారాలు

క్రోసూరు: పత్తి, మిరప పండే పల్నాడు జిల్లా క్రోసూరు ప్రాంతం సముద్రానికి దూరంగా ఉన్నది. అయినప్పటికీ పైర్లపై పిచికారీ చేసే ద్రావణాల రూపంలో సముద్రపు నాచు మెట్ట ప్రాంతాల రైతులకు సైతం చేరువైంది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి, నాచు సారంతో సహా బయోస్టిమ్యులెంట్లను దాని పరిధిలోకి తెచ్చింది. అదే నాచు నేడు మనుషుల ఔషధంగానూ ఆశలు రేకెత్తిస్తున్నది.

ఉప్పునీరు, తీవ్రమైన ఎండ, సూక్ష్మజీవుల దాడి నడుమ మనుగడ సాగించే ఈ మొక్కలు ఆత్మరక్షణకై విశిష్ట రసాయనాలను తయారు చేసుకుంటాయి. గోధుమరంగు నాచు నుంచి లభించే ఆల్జినేట్ గాయాల కట్లలోను, ఎర్ర నాచు నుంచి తీసే అగార్ ప్రయోగశాలల్లో సూక్ష్మజీవుల పెంపకానికి ఇప్పటికే వినియోగంలో ఉన్నాయి. ఎర్ర నాచులోని కైనిక్ ఆమ్లాన్ని జపాన్‌లో ఏలిక పాముల నివారణకు వాడారు. గోధుమరంగు నాచులోని ఫ్యూకోయిడాన్ రక్తం గడ్డకట్టడాన్ని నిరోధించగలదని ప్రయోగశాల పరిశోధనలు తెలుపుతున్నాయి.

అయితే ప్రయోగశాలలో కనిపించిన గుణం రోగికి మేలుగా రుజువు కావడానికి సుదీర్ఘ పరీక్షలు అవసరం. గోధుమరంగు నాచు నుంచి రూపొందించిన అల్జీమర్స్ మందుకు చైనా 2019 నవంబరులో షరతులతో అనుమతి ఇచ్చింది. దానిపై చేపట్టిన అంతర్జాతీయ పరీక్ష 2022లో మధ్యలోనే నిలిచిపోయింది. మన దేశంలో కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కీళ్ల నొప్పులకు నాచు సారంతో రూపొందించిన ఉత్పత్తి సైతం పోషక ఉత్పత్తుల కోవకు చెందినదే.

పోషక ఉత్పత్తుల పొట్లాలపై "ఔషధ వినియోగానికి కాదు" అని ముద్రించాలన్న నిబంధన 2016 నుంచి ఉన్నది. మధుమేహం, క్యాన్సర్ వంటి వ్యాధులను నయం చేస్తామన్న ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. కొన్ని నాచులలో అయోడిన్ అధికంగా ఉండి థైరాయిడ్ రోగులకు హాని కలిగించే అవకాశమున్నది. పైరు మందు సీసాలోని ద్రావణం ఏ విధంగానూ మనుషుల సేవనకు తగినది కాదు.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచు సాగుకు రూ.640 కోట్లు ప్రత్యేకించారు. తీరప్రాంత మహిళల ఉపాధికి ఇది అనువైన మార్గం. ఈ ఆశ నిలవాలంటే ఎరువు, పోషకం, ఔషధం అనే మూడింటి నడుమ గల భేదాన్ని తనిఖీ అధికారులు అమలులోను, పాత్రికేయులు వార్తలలోను స్పష్టం చేయవలసి ఉన్నది.