జాబితా వచ్చేదాకా

పరీక్ష తప్పినవాణ్ణి ఓదార్చడం మనవాళ్లకు తెలుసు. నెగ్గినవాణ్ణి మెచ్చుకోవడం ఇంకా బాగా తెలుసు. ఈ రెంటికీ మధ్య ఉన్నవాడితో ఏం మాట్లాడాలో మాత్రం ఎవరికీ తెలియదు. ప్రస్తుతం నేనా మధ్యలో ఉన్నాను. పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న జాతీయ రక్షణ అకాడమీకి, అంటే అందరూ ఎన్.డి.ఎ. అని పిలిచేదానికి, రాత పరీక్ష నెగ్గి, సెలక్షన్ బోర్డు దాటి, వైద్య పరీక్ష ముగించుకొని తుది జాబితా కోసం కూర్చున్నాను. ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడుగుతూ “దేశభక్తి మీద రాయరాదూ” అన్నారు. దేశభక్తి మీద రాసేవాళ్లు చాలామంది ఉన్నారు గనక నేను ఎదురుచూడడం మీద రాస్తున్నాను.

గన్నవరంలో మా వీధిలో ఎదురుపడిన ప్రతి పెద్దాయనా “ఏరా అబ్బాయ్, నీ మిలట్రీ ఏమైందిరా?” అంటాడు. “ఇంకా రాలేదండీ” అంటాను. “అగ్నివీరేగా? నాలుగేళ్లేగా?” అంటాడు. అగ్నివీర్ అనేది 2022లో వచ్చిన వేరే పథకమనీ, అది జవాన్లకనీ, ఇది ఆఫీసర్ల శిక్షణకనీ, అకాడమీలో మూడేళ్లు చదివాక సైన్యంలో చేరేవాడు డెహ్రాడూన్‌లో ఇంకో ఏడాది ఉండాలనీ మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇప్పుడు “అవునండీ” అని సైకిలు తొక్కేస్తున్నాను. ఆయన తప్పేం లేదు. కృష్ణా డెల్టాలో సీటంటే ఇంజనీరింగు సీటు, లేదా మెడికల్ సీటు. ఇవి కానిది ఏదైనా ఒకటే గాటన కడతారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో అయితే రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇంటికొకరన్నట్టు వెళ్లిన ఊరు గనక ఈ మాటలు విడమరచి చెప్పనక్కరలేదు. మనది మాధవరం కాదు.

అసలీ ఎదురుచూపు ఎందుకింత పొడుగో చెప్పాలి. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఈ పరీక్షను ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. లెక్కలకు 300, జనరల్ ఎబిలిటీకి 600, వెరసి 900 మార్కులు. అది దాటితే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పిలుస్తుంది. అక్కడ అయిదు రోజులు, ఇంకో 900 మార్కులు. 1943లో తెల్లదొరల హయాంలో మన దేశంలో మొదలైన పద్ధతి ఇది. నాకు భోపాల్ వచ్చింది. బెజవాడలో జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మొదటి రోజే మసగ్గా ఉన్న ఒక బొమ్మ చూపించి కథ రాయమన్నారు, దాన్ని గుంపులో కూర్చుని చర్చించమన్నారు. సాయంత్రానికి మాలో సగం పైగా పెట్టెలు సర్దుకున్నారు. మిగిలినవాళ్లకు మనస్తత్వ పరీక్షలు, మైదానంలో గుంపుగా చేసే పనులు, విడిగా ఇంటర్వ్యూ. అయిదో రోజు యూనిఫారాల్లో పెద్దలందరూ కూర్చున్న గదిలోకి ఒక్కొక్కణ్ణే పిలిచి నాలుగు మాటలు అడిగారు. తరవాత ఒక అధికారి వచ్చి ఛాతీ నంబర్లు చదివాడు. నా నంబరు చదివాడు. ఆ పూట నేలమీద నడవలేదు, అబద్ధమెందుకు.

ఆ పైన మిలట్రీ ఆస్పత్రి. చెవిలో గులిమి దగ్గర్నుంచి పాదాల వంపు దాకా చూస్తారు. ఏదైనా తేలితే అప్పీలు చేసుకోవచ్చు. అదొక ప్రత్యేక నిరీక్షణ.

ఇంత అయ్యాక కూడా ‘నెగ్గాడు’ అనడానికి లేదు. 2024 రెండో విడత సంగతి చూడండి. రాత పరీక్ష 2024 సెప్టెంబరు 1న జరిగింది. మన బెజవాడ వాళ్లకు ఆ తేదీ వేరే కారణంగా గుర్తుంటుంది, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన రోజు అది. తుది జాబితా 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఏడు నెలలు దాటింది. జాబితాలో పేర్లు 792. ఖాళీలు, నావికాదళ అకాడమీవి కూడా కలిపి, 404. పైగా ఆ జాబితా తయారుచేసేటప్పుడు వైద్య పరీక్ష ఫలితాలను లెక్కలోకి తీసుకోరు. కాబట్టి జాబితాలో పేరుండి కూడా సీటు రాకపోవచ్చు. 404కి దిగువన ఉండి కూడా, పైవాళ్లు వైద్యంలో తప్పుకుంటే, సీటు రావచ్చు. ఇంకో తమాషా ఏమంటే, రాతలో తనకెన్ని మార్కులొచ్చాయో తుది ఫలితం వచ్చేదాకా అభ్యర్థికి చెప్పరు. ఇక “నీకు ఛాన్సెంతుందోయ్?” అని అడిగితే ఏం చెప్పను? తెలియదనే చెప్పాలి. “తెలియదు” అంటే వినేవాళ్లకు అది వినయంగానో, దాపరికంగానో కనిపిస్తుంది కాబోలు. అది లెక్క ప్రకారం చెప్పిన జవాబు.

దీనికి నేనెవర్నీ తప్పుపట్టడం లేదు. దేశం నలుమూలలా బోర్డులు నెలల తరబడి కూర్చుని వేలమందిని చూడాలి, ఆస్పత్రులు చూడాలి, అప్పీళ్లు తేలాలి. పొడుగు అవుతుంది. నా వాదనల్లా ఆ పొడుగు కాలంలో అభ్యర్థీ, వాడి చుట్టూ ఉన్నవాళ్లూ ఎలా మసలుకోవాలన్న దాని గురించే.

కోర్సు మొదలయ్యే నాటికి వయసు 16న్నర నుంచి 19న్నర లోపు ఉండాలి. ఆ లెక్కన నాకిదే ఆఖరు అవకాశం. మా నాన్న కౌలు రైతు. చెల్లి ఇంటర్ రెండో సంవత్సరం. నేను అకాడమీకి వెళితే శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే గనక నా ఎమ్మెస్సీకని దాచింది చెల్లి ఇంజనీరింగుకు పనికొస్తుంది. వెళ్లకపోతే ఉన్నది ఇద్దరికీ పంచాలి, లేదా ఒకరు ఆగాలి. ఈ లెక్క మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. చెల్లి మాత్రం నాకన్నా ముందే లేచి కమిషన్ వెబ్‌సైటు తెరిచి చూస్తుంది. “నువ్వెందుకే చూడడం?” అంటే “ఊరికే అన్నయ్యా” అంటుంది. ఎదురుచూసేది నేనొక్కణ్ణే అనుకోవడం కుదరదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

కోచింగులో ఒక మాట తరచు వినిపిస్తుంది: రెండో దారి పెట్టుకున్నవాడు ఆఫీసరు కాలేడు, మనసంతా దీనిమీదే ఉండాలి అని. వినడానికి పౌరుషంగానే ఉంటుంది. నేనొప్పుకోను. ఆ బోర్డు మైదానంలో మమ్మల్ని ఏం చేయమన్నారు? ఒక చెక్క, ఒక దుంగ, ఒక తాడు ఇచ్చి, నేలమీద కాలు పెట్టకుండా అడ్డంకులు దాటమన్నారు. చెక్క ఒక చోట అందలేదు. అందని చోటే పట్టుకుని వాదించినవాడు మా గుంపును నిలబెట్టేశాడు. “సరే, దుంగ ఇటు వేసి చూద్దాం” అన్నవాడు దాటించాడు. రెండో ఉపాయం ఉన్నవాణ్ణే వాళ్లు వెతుకుతున్నప్పుడు, ఫలితం కోసం కూర్చున్న నెలల్లో ల్యాబు మానేసి, సెమిస్టరు ఫీజు కట్టకుండా, పుస్తకం మూసేసి ఏకాగ్రతతో ఎదురుచూడడం ఏం పౌరుషం? నేను ఫీజు కట్టాను. రికార్డు రాస్తున్నాను. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో సి.డి.ఎస్. పరీక్ష రాయవచ్చు; అది నెగ్గితే డెహ్రాడూన్, దుండిగల్, చెన్నై అకాడమీల దారులు ఇంకా తెరిచే ఉంటాయి. అవీ కాకపోతే ఎమ్మెస్సీ ఉంది.

మా నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతే ఇది. బ్యారేజీ నుంచి కాలవకు నీళ్లెప్పుడు వదుల్తారో మా వైపు రైతుకు ఏ ఏడూ ఖాయంగా తెలిసేది కాదు. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు రావడం మొదలయ్యాక కొంత నయమంటారు. ఏమైనా, నీళ్లొచ్చాకే దమ్ము గురించి ఆలోచిద్దామని ఎవరూ కూర్చోరు. గట్లు చెక్కుతారు, విత్తనం మండె కడతారు, బోరున్నవాడి దగ్గర నాలుగు సెంట్లు అడిగి నారు పోస్తారు. నీళ్లు మరీ ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది. అప్పుడు ఆ నారును పట్టుకుని ఏడవకుండా వెదజల్లుతారు. దిగుబడి తగ్గవచ్చు, పొలం మాత్రం బీడు పడదు. మా నాన్నకు “అన్‌సర్టెన్టీ” అనే మాట తెలియదు.

ఇక ఓదార్పుల సంగతి. నాకిప్పటికి కనీసం పాతికమంది అబ్దుల్ కలాం గారి కథ చెప్పారు. ఆయన డెహ్రాడూన్‌లో వైమానికదళం ఎంపికకు వెళ్లారు, 25 మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది, తీసుకున్నది ఎనిమిది మందిని. తరవాత ఆయన రాష్ట్రపతి అయ్యారు. నిజమే, ఆయన తన పుస్తకంలో రాసుకున్నదే. అయితే ఈ కథను మందులా వాడడం నాకు నచ్చదు. ఒక స్థానంలో తప్పిపోయినవాళ్లు మన దేశంలో లక్షలమంది ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది బడిపంతుళ్లూ, బ్యాంకు గుమాస్తాలూ, రైతులూ అయి శుభ్రంగా బతికారు. తప్పితే రాష్ట్రపతివవుతావు అని చెప్పడం కన్నా, తప్పితే మామూలు మనిషిగా బతకవచ్చు, అందులో నామోషీ లేదు అని చెబితే నాకు ధైర్యంగా ఉంటుంది. అలా చెప్పింది మా అమ్మమ్మ ఒక్కతే. “పోతే పోనీరా, దూడల్ని కాయడానికి మనిషి దొరుకుతాడు” అంది.

ఫ్లెక్సీల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తి. నా ఛాతీ నంబరు చదివిన మూడో రోజుకే ఒక కోచింగువాళ్లు ఫోటో పంపమని ఫోను చేశారు. నేను వాళ్ల దగ్గర చదివింది పన్నెండు రోజులు. మా బాబాయి సెంటర్లో ఫ్లెక్సీ కట్టిస్తానని డిజైను కూడా చేయించాడు: టోపీ పెట్టుకున్న ఎవరిదో శరీరానికి నా తల. వద్దని కాళ్లావేళ్లా పడి ఆపాను. ‘రికమెండెడ్’ అంటే ‘సెలెక్టెడ్’ కాదని మాకు తెలుసు, ఊరికి తెలియదు. ఫ్లెక్సీ కట్టాక జాబితాలో పేరు రాకపోతే ఆ కుర్రాడు ఆ సెంటర్లోంచి ఎలా నడుస్తాడు? తన మార్కులు కొన్ని తక్కువైనందుకు అబద్ధాలకోరు అనిపించుకోవాలా? ముందుగా మెచ్చుకోవడం కూడా ఒకరకం ఒత్తిడే, సుమా.

మా ఊళ్లో ఇంకో అపోహ ఉంది. విమానాశ్రయం పక్కన పెరిగాను గనక ఈ పిచ్చి పట్టిందని. ఆ రన్‌వే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మిలట్రీ అవసరానికి వేసిందే, నిజం. కానీ విమానాల వల్ల నాకు నిద్ర చెడడం తప్ప ఇంకేం కాలేదు. నన్ను కదిలించింది 2024 వరదలప్పుడు బుడమేరు గండి పూడ్చడానికి వచ్చిన సైనికుల పని. అరుపులు లేవు, పరుగులు లేవు. ఎవరి పని వాళ్లకు తెలిసినట్టు చేసుకుపోయారు.

ఆడపిల్లల ఎదురుచూపు నాదానికన్నా పెద్దది. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చేదాకా వాళ్లకు ఈ పరీక్ష రాసే హక్కే లేదు. 2022లో 19 మంది చేరారు. 2025 మే 30న మొదటి జట్టులో 17 మంది శిక్షణ ముగించుకొని బయటికొచ్చారు. మన కళాశాలలో ఇద్దరు అమ్మాయిలు ఇప్పుడు సన్నాహంలో ఉన్నారు. నన్ను “ఏమైంది?” అని అడిగే చుట్టాలే వాళ్లను “సంబంధం చూడమంటారా?” అని అడుగుతున్నారు. పెళ్లి కాకుండా ఉండడం ఈ ప్రవేశానికి నిబంధన అని వాళ్ల ఇళ్లలో ఎవరైనా పెద్దమనిషి వెళ్లి చెబితే మేలు. మేం చెబితే వినరు.

చివరగా మన అధ్యాపకులకూ, సంఘానికీ రెండు మాటలు. విజయనగరం జిల్లా కోరుకొండలో 1962 నుంచి సైనిక పాఠశాల ఉంది. గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్‌బాబు అక్కడ చదివి ఎన్.డి.ఎ.కు వెళ్లినవారే. కలికిరిలో 2014లో ఇంకొకటి వచ్చింది. అక్కడి పిల్లలకు దారి తెలిసినవాళ్లు చుట్టూ ఉంటారు. మన దగ్గర ఎవరికి వారే వెతుక్కోవాలి. బోర్డుకు అయిదు రోజులు, రైలు నాలుగు రోజులు, ఆస్పత్రి మరికొన్ని రోజులు, వెరసి హాజరు గల్లంతు. మా అధ్యాపకులు దయతలచి సర్దారు. దయ కాకుండా నియమంగా ఉంటే, ఆటలకూ ఎన్.సి.సి. శిబిరాలకూ ఇచ్చినట్టే పిలుపు లేఖ చూపినవాడికి హాజరు ఇస్తే, అడగడానికి మొహమాటపడే పిల్లలు కూడా వెళతారు. మొదటిసారి వెళ్లినవాడికి బోర్డు రైలు ఛార్జీ ఇస్తుంది, అదే ప్రవేశానికి రెండోసారి వెళితే సొంత ఖర్చే. సంఘం ఈ సావనీరు ప్రకటనల మీద మిగిలిన డబ్బులోంచి ఏడాదికి ఇద్దరికి ఆ ఛార్జీ ఇవ్వగలదేమో సర్వసభ్య సమావేశంలో ఆలోచించండి. తీర్మానం నేనే ప్రతిపాదిస్తాను. అప్పటికి నేనిక్కడ లేకపోతే నా బదులు ప్రతిపాదించడానికి మూడో బెంచీ మిత్రుడొకడు ఒప్పుకున్నాడు.