పూర్ణపు రొట్టె

'మా ఇంటి పండుగ వంట' అనే అంశం మీద వ్యాసం రాయమని ద్వితీయ భాషా విద్యార్థులకు చెప్పడం తెలుగు అధ్యాపకులకు ఏటా అలవాటే. అరిసెలు, భక్ష్యాలు, ఉగాది పచ్చడి వరుసగా వస్తాయి. కొన్నేళ్ల క్రితం అల్వాల్ నుంచి వచ్చే ఒక విద్యార్థిని, క్రిస్మస్‌కు తమ ఇంట్లో చేసే కొబ్బరి పూర్ణపు రొట్టెలను గురించి రాసింది. ఈస్టు కలిపిన మైదాపిండి పొంగేవరకు వాళ్ల అమ్మ వంటింటి తలుపు తెరవనివ్వదన్నది ఆమె మొదటి వాక్యం. నేను 'ఈస్టు' అనే మాటను ఎర్రసిరాతో కొట్టివేసి, పైన 'కిణ్వం' అని రాశాను. చివర, తెలుగువారి వంటను ఎన్నుకొని ఉంటే బాగుండేదని ఒక సలహా కూడా జోడించాను. కిణ్వమనే మాట కౌటిల్యుని అర్థశాస్త్రంలో, మద్యం తయారీ ప్రసక్తిలో ఉంది. అల్వాల్ బజారులోని ఏ కిరాణా కొట్టులోనూ లేదు.

మరునాడు ఆ అమ్మాయి వ్యాసాల పుస్తకం పట్టుకొని వచ్చింది. "మా అమ్మమ్మది మెదక్ సార్. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం" అని మాత్రం అన్నది. ప్రాచీన సాహిత్యంలో పట్టా పొందిన నాకు ఆ రెండు వాక్యాలకు సమాధానం దొరకలేదు.

ఒక వంటను మనదని గాని, పరాయిదని గాని నిర్ణయించేది దాని పుట్టుక అని అంతవరకూ నేను భావించాను. ఆ కొలతతో చూస్తే ఆవకాయ కూడా మనది కాదు. 1492కు ముందు మిరపకాయ అమెరికా ఖండాలలో తప్ప వేరెక్కడా లేదు. పోర్చుగీసువారి ఓడలలో అది మన దేశానికి చేరేనాటికి శ్రీనాథుడు గతించి చాలాకాలమైంది. అన్నపు రుచులను అంతగా ఎరిగిన ఆ మహాకవి మిరపకారం ఎరుగడు! మనవారు ఆ కొత్త కాయకు మిరియంతో చుట్టరికం కలిపి, మిరప అని పిలిచి, ఇంటిదాన్ని చేసుకున్నారు.

మిరపకు దొరికిన ఆదరణ రొట్టెకు దొరకలేదు. గోవాలో ఈస్టు లభించక పోర్చుగీసువారు పిండిని కల్లుతో పులియబెట్టారు. కల్లు తగిలిన రొట్టె ఆచారవంతులకు మైల. తిన్నవాడు మతం మారినట్లేనని భావించిన రోజులున్నాయి. రాత్రంతా పులిసిన ఇడ్లీ పిండికి లేని దోషం దీనికి ఎలా వచ్చిందో ఎవరూ అడిగినట్లు లేదు. వంటకు అంటగట్టిన ఆ పరాయితనం క్రమంగా దానిని వండే మనుషులకూ అంటుకుంటుంది. నా ఎర్రసిరా చేసిన పని అదే.

ఆ డిసెంబరులో వాళ్ల అమ్మగారు నన్ను ఇంటికి ఆహ్వానించారు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు వెళ్లాను. అరకిలో మైదాకు రెండు చెంచాల ఈస్టు. గోరువెచ్చని పాలలో చక్కెర వేసి ఈస్టును నానబెట్టారు. పాలు మరిగినవైతే ఈస్టు చచ్చిపోతుందట. అది నిర్జీవమైన పొడి కాదు, సూక్ష్మజీవుల సముదాయం. చక్కెరను తిని అవి విడిచే బొగ్గుపులుసు వాయువే పిండిని ఉబ్బిస్తుంది. వెన్న, గుడ్లు, చక్కెర ఎక్కువగా పడిన పిండి ఆలస్యంగా పొంగుతుంది. దానికి తోడు డిసెంబరు చలి. అందుకే తలుపు మూసి, గిన్నె మీద దుప్పటి కప్పి, రెండు గంటలకు పైగా ఆగారు. ఆ లోపల కొబ్బరి కోరు, బెల్లం కలిపి ఉండకట్టే పాకం వచ్చేదాకా ఉడికించి, ఏలకుల పొడి, జీడిపప్పు పలుకులు వేశారు. పూర్ణం పలుచనైతే రొట్టె పగులుతుందని ఆమె అంటుంటే, భక్ష్యాలు చేసే రోజున మా అమ్మ అనే మాట అదే కదా అనిపించింది. పొంగిన పిండిని వెడల్పుగా ఒత్తి, పూర్ణం పరచి, చాప చుట్టినట్లు చుట్టి, చక్రాలుగా కోశారు.

ఇంట్లో ఓవెన్ లేదు. ట్రేల మీద తడిబట్ట కప్పి, ఇంటిపేరు రాసిన చీటీలు అంటించి, వీధి చివరి బేకరీకి తీసుకువెళ్లాం. అక్కడ అప్పటికే పది పదిహేను ఇళ్ల ట్రేలు వరుసలో ఉన్నాయి. సికిందర్ జా పేరిట 1806లో వెలసిన సికింద్రాబాదును జనం లష్కర్ అని పిలిచారు. అల్వాల్ పొరుగున బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. సైన్యంతో ఈ ప్రాంతానికి వచ్చిన రొట్టె సైన్యంతోనే వెళ్లిపోలేదు. ఆ రాత్రి బట్టీ ముందు నిలబడిన పనివాడు ముస్లిం; ఎవరి రొట్టెలు ఎంత ఎర్రబడాలో ఆయనకు కంఠతా వచ్చు. ఇరానీ హోటళ్లలో చాయ్‌తో అమ్మే దిల్‌ఖుష్‌లోనూ ఉండేది కొబ్బరి పూర్ణమేనని ఆయనే నాకు గుర్తుచేశాడు.

దుకాణంలో అట్టపెట్టె కొని పంచి పండుగ అయిందనిపించుకోవడాన్ని నేను సమర్థించను. అది సంక్రాంతికి చేసినా, క్రిస్మస్‌కు చేసినా ఒకటే. నేను మాట్లాడుతున్నది పిండి పొంగేదాకా మేలుకొనే ఇళ్ల గురించి. ఆ ఇళ్లలో వినిపించే క్రియాపదాలు చూడండి: నానబెట్టడం, పిసకడం, పొంగడం, ఒత్తడం, చుట్టడం. అన్నీ అచ్చతెనుగు మాటలు. వాటి నడుమ 'ఈస్టు' ఒక్కటి వచ్చి కూర్చుంటే భాషకు కలిగే నష్టమేమిటి? మరి ఒక విద్యార్థిని తన ఇంటి పండుగను తెలుగులో రాయడానికి వెనుకాడితే కలిగే నష్టం మాటేమిటి? మొదటిదాని మీద మేము ఎన్నో చర్చలు చేశాం. రెండవది మా దృష్టికే రాలేదు.

నేను కొట్టివేసిన మాటను తిరిగి రాసి, కింద సంతకం చేశాను. ఆమె మార్కులు సవరించడానికి గడువు దాటిపోయింది. వ్యాసం ప్రశ్న మాత్రం ఇప్పటికీ అలాగే ఇస్తున్నాను. దాని పక్కన కుండలీకరణాలలో 'ఉదా: సంక్రాంతి, ఉగాది, దసరా' అని రాయడం మానుకున్నాను.