ముందు మీటర్ పెట్టి చూడండి

ఖరగ్‌పూర్ ఇందాలో రైల్వే కుటుంబాల్లో పెరిగిన తెలుగువాళ్లకి సింగిల్ లైన్ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మెయిల్ వస్తోందంటే ప్యాసింజర్ లూప్‌లైన్లో నిలబడాల్సిందే. ఇప్పటి కార్ల లోపలా దాదాపు ఇదే పద్ధతి. కాకపోతే పట్టాల బదులు మెలివేసిన రెండు సన్నటి వైర్లు. స్టేషన్ మాస్టరంటూ ఎవరూ ఉండరు.

ఆ ఏర్పాటు పేరు క్యాన్ బస్. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1983లో పని మొదలుపెట్టి, 1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో బయటపెట్టింది. అంతకుముందు దేనికి దానికి వేరే వైరు లాగేవారు. హంగులు పెరిగేకొద్దీ వైర్ల కట్ట లావెక్కిపోయింది. ఇప్పుడు ఇంజిను, బ్రేకులు, మీటర్ బోర్డు ఒకే జంట వైర్లమీద మాట్లాడుకుంటాయి. ప్రతి సందేశానికీ ముందు ఒక నంబరు. రెండు ఒకేసారి బయల్దేరితే చిన్న నంబరుదే దారి. ఈ వైర్లమీద సున్నా ఎప్పుడూ ఒకటిని అణిచేస్తుంది. అందుకే తాను పంపిన ఒకటి సున్నాగా కనబడగానే పెద్ద నంబరు గమ్మున తప్పుకుంటుంది. గెలిచిన సందేశం చెక్కుచెదరదు. ముచ్చటైన పని, సందేహం లేదు.

చిక్కంతా రిపేరు దగ్గరే.

ఇందా ఓ.టి. రోడ్డు మీదైనా, ఒంగోలులోనైనా ఎలుక ఈ వైర్లలో ఒక్కటి కొరికితే చాలు, మీటర్ బోర్డులో లైట్లన్నీ వెలగొచ్చు, బండి స్టార్ట్ కాకపోవచ్చు. వెంటనే మెకానిక్కులు ‘ఈసీయూ పోయింది సార్’ అంటారు, అంటే బండిలోని కంట్రోల్ కంప్యూటర్. వేల రూపాయల మాట! మామూలుగా ఆ జంట వైర్ల రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ కనెక్షన్ తీసి, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే 60 ఓమ్‌లు రావాలి. 120 చూపిస్తే ఎక్కడో తెగినట్టు. సున్నా దగ్గర నిలిస్తే రెండు వైర్లూ కలిసిపోయినట్టు. 60 వచ్చినంతమాత్రాన అంతా బాగున్నట్టు కాదు గానీ, ఈ రెండు నిమిషాల పని చెయ్యకుండా ఈసీయూ మార్చమనడం అన్యాయం.

సాకెట్ వెనక గేట్‌వే (సాకెట్‌కీ బస్‌కీ మధ్య ఉండే మాడ్యూల్) పెట్టిన కొత్త మోడళ్లలో ఈ లెక్క కుదరదు. అక్కడ వైరింగ్ బొమ్మ ఉండి తీరాలి, అదేమో చిన్న గ్యారేజీకి దొరకదు. విడిభాగాలు, డయాగ్నొస్టిక్ పరికరాలు బయటి మెకానిక్కులకి అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి రూ. 2,544 కోట్లకి పైగా జరిమానా వేసింది. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. కార్ల కంపెనీలు అందులో మొదట పెట్టాల్సింది కస్టమర్ కేర్ నంబర్లు కాదు, మోడల్ వారీగా ఈ వైరింగ్ బొమ్మలు.