బీటా ఎంత, ఆంటీ?

వైట్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంట్ లిఫ్టులో మొన్న ఒకావిడ నన్ను ఆపి, "మీ అమ్మాయికి బీటా ఎంత, ఆంటీ?" అంది. ఎన్నో నెల, వేవిళ్లెలా ఉన్నాయి, అన్నం సయిస్తోందా, ఇవేవీ కాదు. ఎంసెట్ ర్యాంకు అడిగినట్టు బీటా ఎంత! నేను నోరు తెరిచేలోపే తనది చెప్పేసింది: 2,100, రెండు రోజుల్లో డబుల్.

ముప్పయ్యేళ్లు గుంటూరులో జువాలజీ చెప్పినదాన్ని, ఊరుకోలేను. ఈ బీటా అంటే రక్తంలో బీటా హెచ్‌సీజీ అంకె. హెచ్‌సీజీ అన్నది పిండం గర్భసంచికి అంటుకున్నాక, మాయగా మారబోయే కణాలు వదిలే హార్మోను. తల్లి అండాశయంలోని కార్పస్ ల్యూటియంకి "ఇంకా పని ఆపకు, ప్రొజెస్టెరాన్ చేస్తూ ఉండు" అని కబురు పెట్టడం దాని ఉద్యోగం. అసలు దీన్ని కనిపెట్టడానికి 1930ల్లో ఆఫ్రికా కప్పని వాడేవారు. ఆడకప్పకి గర్భిణి మూత్రం ఎక్కిస్తే మర్నాటికల్లా గుడ్లు పెట్టేది. కప్ప అవునో కాదో చెప్పేది, అంతే. పక్క ఫ్లాటు కప్పతో పోల్చేది కాదు. 1972లో జుడిత్ వైటుకైటిస్ బృందం రక్తంలో బీటా భాగాన్ని విడిగా కొలిచే పరీక్ష తెచ్చింది. గొప్ప పని. దాన్ని ఈ కాలనీ చేతిలో పెట్టడమే పొరపాటు.

ల్యాబు కాగితాల మీద సాధారణంగా ఉండే అంకెలు చూడండి. చివరి నెలసరి నుంచి లెక్కేస్తే నాలుగో వారానికి 5 నుంచి 426, ఐదో వారానికి 18 నుంచి 7,340. పద్దెనిమిదీ మామూలే, ఏడు వేలూ మామూలే! రెండు రోజులకోసారి రెట్టింపవుతుందనే అనుకుందాం. అండం నాలుగు రోజులు ఆలస్యంగా విడుదలైన పిల్లకి, పక్కింటి పిల్లకి వచ్చినదాంట్లో నాలుగో వంతే వస్తుంది. ఇద్దరూ క్షేమమే.

ఆ రెట్టింపు మాట కూడా నిజం కాదు. 1981 నుంచి నడిచిన లెక్క 48 గంటల్లో 66 శాతం. 2004లో పెద్ద పరిశోధన దాన్ని 53కి దించింది. 2018లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం, మొదటి అంకె 1,500 లోపుంటే 49 శాతం, 3,000 దాటితే 33 శాతం పెరిగినా చాలంది. మా అమ్మాయికి 180 నుంచి 290. అంటే 61 శాతం. అల్లుడుగారు దాన్ని ఎక్సెల్‌లోకెక్కించి, గడికి ఎర్రరంగు వేసి, ఆ రాత్రి ఇంట్లో ఎవర్నీ నిద్రపోనివ్వలేదు. రెండో శాంపిల్‌కి వెళ్తుంటే హోప్ ఫామ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారట. "48 గంటలు దాటి మూడు గంటలైంది, ఫార్ములా మార్చాలి" అన్నాడు. కడుపులో ఉన్నది పాపా, ప్రాజెక్టా? ఎనిమిది నుంచి పదకొండు వారాల మధ్య ఈ అంకె శిఖరానికెక్కి, తర్వాత తనంతట తనే దిగుతుంది. అప్పుడు ఏ రంగు వేస్తాడో.

ఎక్కువుంటే కవలలట, ఇంకా ఎక్కువుంటే ఆడపిల్లట. స్కాన్ గదిలో అడగకూడదని 1994లోనే చట్టం వచ్చింది కనక దీన్ని పట్టుకున్నారు.

రక్తస్రావం ఉన్నా, పొత్తికడుపులో నొప్పి ఉన్నా, ట్యూబులో గర్భమేమోనన్న అనుమానమున్నా డాక్టరు రెండు మూడుసార్లు చేయిస్తారు. వద్దనను. అక్కడ కూడా అంకె చక్కగా పెరిగినంత మాత్రాన ట్యూబులో లేదని తేలదు. ఏ ఇబ్బందీ లేని పిల్లకి రోజు విడిచి రోజు సూది గుచ్చితే వచ్చే లాభం ఏమిటి? అంకె తక్కువొస్తే పెంచే మందు లేదు. నిలవని గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల తేడాతో పోతాయి. ఏ ఎక్సెల్ ఆపుతుంది?

మరేం చెయ్యమంటారు అని మా అమ్మాయే అడిగింది. ఫోలిక్ యాసిడ్ వేసుకో, ఏడో వారం దాకా ఆగి ఒక్క స్కాన్ చేయించుకో అన్నాను. ఈలోపు రోజులెలా గడపాలమ్మా అంటే మాత్రం గట్టి జవాబు దొరకలేదు. మా రోజుల్లో పుల్లమామిడికాయ తిని పడుకునేవాళ్లం.

ఇది రాస్తుండగా పొద్దున్నే ఆరున్నరకి బెల్ మోగింది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే కుర్రాడు. మూడోసారి. నాకు చెప్పకుండా బుక్ చేశారు. ఏం చేస్తాను, వాడికి కాఫీ ఇచ్చాను. రిపోర్టు సాయంత్రం ఎన్నింటికొస్తుందని మాత్రం అడిగి ఉంచాను.