రంగు వేయకముందే ఫొటో తీయాలి

ఈ వార్షికోత్సవానికి వచ్చే అన్నలు, కొత్తగా కట్టిన రెండు గదుల ముందు నిలబడి తప్పకుండా ఫొటోలు దిగుతారు. సంతోషమే. కానీ ఆ గదులకు అసలు కావలసిన ఫొటోలు ఎవరూ తీయలేదు.

2019 నవంబరు 14న మన ఒంగోలు పి.వి.ఆర్. బాలుర ఉన్నత పాఠశాలలోనే 'మనబడి నాడు-నేడు' మొదలయింది. మొదటి విడతలో 15,715 బడులు. పనికి ముందు ఒక ఫొటో, పని అయ్యాక ఒక ఫొటో. ఆ పథకం పేరే అది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ ఇళ్లకు 2016 నుంచి దశ దశకూ స్థలం గుర్తుతో సహా ఫొటో ఎక్కించాలి. పెద్ద కట్టడాల్లోనయితే డ్రోను ఫొటోలన్నీ కలిపి కంప్యూటరులో భవనం నమూనా తయారుచేస్తారు. దాన్ని ఇంజనీర్ల నమూనాతో పోల్చి పని ఎక్కడ వెనుకబడిందో చూస్తారు.

ఇవన్నీ మంచివే. అయితే మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. 'నాడు'కూ 'నేడు'కూ మధ్యలో జరిగిందే ఇక్కడ ముఖ్యం. పునాది గుంతలో టేపు నిలబెట్టి తీసిన ఫొటో ఉంటే లోతెంతో తెలుస్తుంది. శ్లాబు పోయకముందు కట్టిన ఇనుము, పోశాక ఇక కనబడదు. మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటయితే 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలి. రోజూ మధ్యాహ్నం ఒక ఫొటో తీస్తే తడిపారో లేదో దాగదు.

మా గదుల పని వేసవి సెలవుల్లో జరిగింది. అప్పుడు మేము ఊళ్లలో మిరప కల్లాల దగ్గర తాలుకాయలు ఏరుతున్నాము. తిరిగి వచ్చేసరికి రంగు కూడా వేసేశారు. ఇప్పుడు ఉత్తరపు గోడ మూల నుంచి చీలింది. పునాది చాలలేదా, నీళ్లు పట్టలేదా? అడిగితే చెప్పేవారు లేరు. చూపడానికి ఫొటోలూ లేవు. ఉన్న నాలుగూ రంగు వేశాక తీసినవే!

త్వరలో స్నానాల గదులు కడతారంటున్నారు. మా కోరిక ఒక్కటే. ఎదురుగా ఒక రాయి పాతి, ప్రతి శనివారం అక్కడి నుంచే, పలక మీద తేదీ రాసి పెట్టి ఫొటో తీయాలి. ప్లాను పక్కనే నోటీసు బోర్డుకు అంటించాలి. తీసేది మాత్రం కాంట్రాక్టరు మనిషి కాకూడదు. పిల్లలు పని దగ్గరకు పోతే ప్రమాదమని పెద్దలు అనవచ్చు. నిజమే, అందుకే రాయి దూరంగా పాతమంటున్నాము. సివిల్ ఇంజనీర్లయిన మన అన్నలు వారానికి ఒకసారి ఆ ఫొటోలు చూసి, తేడా ఉంటే వార్డెన్ గారికి ఫోను చేస్తే చాలు.

అప్పటిదాకా ఆ చీలికకు రెండు పక్కలా పెన్సిలు గీతలు గీసి, తేదీలు వేసి, నెలనెలా స్కేలు పెట్టి ఫొటో తీస్తున్నాము. వచ్చిన అన్నలు ఉత్తరపు గోడ వైపు కూడా ఒకసారి రండి.