నీళ్ళు రాకుంటే మోటరు ఆపు

ముందే ఒక విషయం ఒప్పుకుంటాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు కాస్త చూడమని మన క్లబ్ ఎడిటర్‌ని ముందే బతిమాలుకున్నాను. అంత కష్టం ఎందుకంటే, నేను చెప్పదలుచుకున్న విషయమే అది. ప్రోగ్రామింగ్‌లో మొదటి పాఠం ఏ భాషలో, ఏ రూపంలో మొదలవ్వాలి?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కోడింగ్ బ్లాక్స్‌తో మొదలుపెట్టాలి. బ్లాక్స్ కంటే ముందు వాళ్ళ చేత తెలుగులో మాట్లాడించాలి. స్కూలు పిల్లలకే కాదు, మన ఫస్టియర్ వాళ్ళకి కూడా.

ఇది నాకు ఎక్కడ మొదలైందో చెప్తాను. ఫస్టియర్‌లో నా రూమ్మేట్ పదో తరగతి దాకా తెలుగు మీడియం. లెక్కల్లో నాకంటే చాలా బెటర్. ఒకరోజు రాత్రి సి ప్రోగ్రామ్ ముందు పెట్టుకుని, "ఈ ఐ సున్నా నుంచి ఎందుకు మొదలవుతుంది? ఒకటి నుంచి లెక్క పెట్టొచ్చు కదా?" అని అడిగింది. నేను "అదంతే, అట్లే రాయాలి" అన్నాను. నిజం ఏమిటంటే నాకూ తెలీదు. ల్యాబ్ ఎగ్జామ్‌లో నేను బట్టీ పట్టిన ప్రోగ్రామే వచ్చింది, సెమికోలన్లతో సహా దించేసి పాసయ్యాను. తనకి ఎందుకో తెలిస్తే తప్ప చెయ్యి కదలదు. తనకి బ్యాక్‌లాగ్. ప్రశ్న అడిగినవాళ్ళు ఫెయిల్, అడగనివాళ్ళు పాస్. ఈ లెక్క నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఈ సంవత్సరం ఎన్ఎస్ఎస్ తరఫున శనివారాలు కళ్యాణదుర్గం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకి వెళ్ళాం. ఎనిమిదో తరగతి పిల్లలకి స్క్రాచ్ నేర్పించాలి. స్క్రాచ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం దీన్ని తయారుచేసి 2007లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఇందులో కోడ్ టైప్ చెయ్యం. రంగురంగుల బ్లాకుల్ని లాగి ఒకదాని కింద ఒకటి అతికిస్తాం. "ఒకవేళ" అనే బ్లాకుకి ఆరు మూలల ఖాళీ ఉంటుంది, అవును-కాదు అని తేలే షరతు మాత్రమే అందులో పడుతుంది. వేరేది పెడదామన్నా పట్టదు. అంటే గ్రామర్ తప్పులు జరిగే అవకాశమే లేదు. తప్పు జరిగితే అది ఆలోచనలోనే జరగాలి. నెట్ లేకపోయినా పనిచేసే ఆఫ్‌లైన్ వెర్షన్ ఉంది కాబట్టి పల్లెటూరి స్కూలుకి ఇంతకంటే మంచిది లేదనుకున్నాను.

మొదటి రెండు శనివారాలు ఘోరంగా ఫెయిలయ్యాను. పిల్లి బొమ్మ నడిచింది, తిరిగింది, మ్యావ్ అంది, పిల్లలు నవ్వారు. కానీ "ఈ బ్లాక్ ఎందుకు పెట్టావు?" అంటే ఎవరూ నోరు విప్పలేదు. వెనకనుంచి చూస్తే తెలిసింది. వాళ్ళు బ్లాకుల మీది ఇంగ్లీష్ చదవట్లేదు. "నీలం దాని కింద నారింజ రంగుది పెట్రా" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నేను సెమికోలన్లు బట్టీ పట్టాను, వాళ్ళు రంగులు బట్టీ పడుతున్నారు. అంతే తేడా.

మూడో శనివారం కరెంటు పోయింది. మన అనంతపురంలో ఇది వింత కాదు కానీ, ఆరోజు అదే మేలు చేసింది. కంప్యూటర్లు లేవు, చాక్‌పీసు ఉంది. ఏం చెప్పాలో తెలియక, "మీ చేన్లో కరెంటు వస్తే ఏం చేస్తారు?" అని అడిగాను. రెండు వారాలుగా ఒక్క మాట కూడా మాట్లాడని అమ్మాయి లేచింది.

"స్టార్టరు వేస్తాం అక్కా. నీళ్ళు వస్తాండాయా లేదా చూడల్ల. రాకుంటే మోటరు ఆపేయల్ల, లేకుంటే కాలిపోతాది. అర్ధగంట ఆగితే బోర్లో మళ్ళీ ఊరతాయి. మళ్ళీ వేస్తాం."

నేను అదే నేల మీద రాశాను.

కరెంటు వచ్చినప్పుడు
స్టార్టరు వెయ్యి
ఎప్పటికీ ఇట్లే చెయ్యి:
ఒకవేళ నీళ్ళు రాకుంటే
మోటరు ఆపు, అర్ధగంట ఆగు, స్టార్టరు వెయ్యి

ఇంకో పిల్లోడు వెంటనే తప్పు పట్టాడు. "వేసిన వెంటనే చూస్తే నీళ్ళు యాడొస్తాయి? పైపులో ఎక్కల్ల కదా. రెండు నిమిషాలు ఆగి చూడల్ల." నిజమే. నేను రాసినట్టు చేస్తే ఆ మోటరు ఎప్పటికీ నీళ్ళు పోయదు, వేసిన క్షణంలోనే ఆగిపోతుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు డీబగ్గింగ్ చేశాడు, ఆ మాట వినకుండానే. సరిదిద్దాక "స్టార్టరు వెయ్యి, రెండు నిమిషాలు ఆగు" అనేది రెండు చోట్ల వచ్చింది. "ప్రతిసారీ ఇంత రాయాలా? దీనికొక పేరు పెడదాం" అన్నాను. "మోటరు వేసి చూడు" అన్నారు. ఫంక్షన్ అంటే అదే. మాకు ఆ పాఠానికి రెండు వారాలు పట్టింది.

ఆఖర్న ఇంకొక ప్రశ్న వచ్చింది. "అక్కా, మా ఊర్లో చానా మంది ఆటో స్టార్టర్లే పెట్టుకున్నారు. కరెంటు రాగానే అన్ని మోటర్లూ ఒకేసారి ఎత్తుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతాది కదా?" మోటరు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కంటే చాలా రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, కాబట్టి ఆ భయం నిజమైందే. ఒక్కొక్కరూ ఎన్ని సెకన్లు ఆగాలో చీటీ తీసినట్టు తీసుకుంటే సరిపోతుందని తేల్చారు. తర్వాత కంప్యూటర్ నెట్‌వర్క్స్ పుస్తకం తిప్పితే, పాత ఈథర్‌నెట్‌లో రెండు కంప్యూటర్లు ఒకేసారి మాట్లాడి గుద్దుకున్నప్పుడు చేసేది కూడా ఇదే: ఒక్కోటి తోచినంతసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించడం.

తర్వాతి వారం కరెంటు ఉంది. స్క్రాచ్‌లో మన సొంత బ్లాకులు తయారుచేసుకోవచ్చు, వాటికి తెలుగులోనే పేరు పెట్టొచ్చు. వేరియబుల్స్‌కి కూడా అంతే. "మోటరు వేసి చూడు" అనే బ్లాకు స్క్రీన్ మీద తెలుగు అక్షరాల్లో కనిపించింది. అర్ధగంటని మూడు సెకన్లు చేశాం, పిల్లి బొమ్మ తీసేసి మోటరు బొమ్మ గీశారు. ఆరోజు "ఈ బ్లాక్ ఎందుకు?" అంటే సమాధానం చెప్పనివాళ్ళు లేరు.

ఇందులో నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. 1967లో వచ్చిన లోగో భాషకి మూలపురుషుల్లో ఒకరైన సీమోర్ పాపర్ట్, 1980లో వచ్చిన తన మైండ్‌స్టార్మ్స్ పుస్తకం మొదట్లోనే తన చిన్నతనం గురించి చెప్పాడు. ఆయనకి చిన్నప్పుడు బండ్ల గేర్లంటే పిచ్చి. ఆ గేర్లను మనసులో తిప్పుకుంటూ లెక్కల్లో సమీకరణాలు అర్థం చేసుకున్నాడట. ప్రతి పిల్లకీ అలాంటి గేర్లు ఏవో ఉంటాయి. మన పిల్లలకి స్టార్టరు డబ్బా ఉంది. మనం దాన్ని వదిలేసి పిల్లి చేత మ్యావ్ అనిపిస్తున్నాం.

అసలు ఈ జిల్లాకి ప్రోగ్రామ్ డిజైన్ కొత్తేం కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. 2000 తర్వాత ఎఫ్ఏఓ సాయంతో, రైతులే భూగర్భజలాలను చూసుకునే ప్రాజెక్టు ఒకటి అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, ఏ పంటకి ఎన్ని కావాలి అని లెక్క వేశారు. దాన్ని పంటల నీటి బడ్జెట్ అన్నారు. ఇన్‌పుట్, షరతు, అవుట్‌పుట్ అన్నీ ఉన్నాయి. మేము కూడా పిల్లలతో ఒక చిన్న లెక్క చేయించాం. ఒక ఎకరంలో ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,047 లీటర్లు. వాన ఎంతో అడిగి, గుణించి చూపించే నాలుగు బ్లాకుల ప్రోగ్రామ్. 550 కొడితే 22 లక్షల లీటర్లు దాటింది. "మరి అన్ని నీళ్ళు యాడికి పోతాండాయి అక్కా?" అని అడిగారు. కొంత ఆవిరై, కొంత వాగులో పారిపోయి, కొంతే భూమిలోకి దిగుతుందని చెప్పాను. అలాంటి ప్రశ్న పుట్టించని కోడింగ్ క్లాసు ఎందుకు?

ఇక అభ్యంతరాలు. మా క్లాసులోనే విన్నవి.

"బ్లాక్స్ చిన్నపిల్లల ఆట." ఒక హద్దు దాటాక బ్లాక్స్ ఇబ్బందే, నేనూ ఒప్పుకుంటాను. వంద బ్లాకులైతే ఎక్కడేముందో వెతుక్కోలేం. అందుకే అక్కడే ఉండిపోమనట్లేదు. కొన్ని వారాలు బ్లాక్స్, తర్వాత అదే ప్రోగ్రామ్ పైథాన్‌లో పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. సైకిలు నేర్చుకునేటప్పుడు వెనక ఒకరు పట్టుకున్నారని సైకిల్ అబద్ధం అయిపోదు.

"ఉద్యోగాలన్నీ ఇంగ్లీషులోనే కదా." అవును, ఇంగ్లీష్ కావాలి. నేను ఇంగ్లీషుకి వ్యతిరేకం కాదు, నా చదువంతా అదే. కానీ లూప్ అర్థం కావడం ఒక కష్టం, ఇంగ్లీష్ రావడం ఇంకో కష్టం. రెండూ ఒకేరోజు ఒకే పిల్ల నెత్తిన పెట్టి, మోయలేకపోతే "దీనికి లాజిక్ లేదు" అంటున్నాం. ఇక్కడే నా కోపం. 2020 జాతీయ విద్యా విధానం మిడిల్ స్కూల్ నుంచే కోడింగ్ అంటోంది. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా భారతీయ భాషల్లో ఇంజినీరింగ్‌కి అనుమతిచ్చింది. పైన తలుపులు తెరుస్తున్నారు, బాగుంది. కానీ ఆ తలుపు దాకా వచ్చే మెట్లు ఎవరు కట్టాలి?

"తెలుగు పదాలు ఇంకా కష్టం." ఇది మాత్రం సగం నిజం. లూప్‌కి నిఘంటువు చూసి సంస్కృత పదం పెడితే పిల్లలకి అది రెండో ఇంగ్లీష్ అవుతుంది. వాళ్ళు "మళ్ళీ మళ్ళీ" అన్నారు, "ఒకవేళ" అన్నారు, "అట్ల కాకుంటే" అన్నారు. ఆ పదాలే చాలు. మోటరు, కరెంటు ఎలాగూ తెలుగైపోయాయి. కంప్యూటర్ అనే పదం తెచ్చి గణకయంత్రం చెయ్యక్కర్లేదు.

అందుకే ఈ వ్యాసం టెక్నికల్ క్లబ్ మ్యాగజైన్‌కి ఇవ్వకుండా మన సాహిత్య క్లబ్‌కి ఇస్తున్నాను. ఇది పదాల పని. నాకు కోడ్ వచ్చు, తెలుగు అంతంతమాత్రం. మీకు పదాలు వచ్చు. ఒక ముప్పై బ్లాకులకి మన పిల్లలు వాడే మాటలు సేకరించి, మోటరు, చెనిక్కాయ చేను, బస్సు టైమింగులు లాంటివి ఉదాహరణలుగా పెట్టి ఒక చిన్న తెలుగు పుస్తకం చేద్దాం. శనివారాలు రండి. ఒక్క పూట చాలు.

నా రూమ్మేట్‌కి సప్లిమెంటరీ వచ్చే నెల. ఇప్పుడు మేమిద్దరం ప్రతి లూప్‌నీ ముందు స్క్రాచ్ బ్లాకులాగా కాగితం మీద గీసుకుని, తర్వాత సి లో రాస్తున్నాం. పాసవుతుందో లేదో తెలీదు. కానీ తన పాత ప్రశ్నకి ఏడాది ఆలస్యంగా జవాబు చెప్పాను. అర్రే అంటే వరుసగా ఉన్న ఇళ్ళు. ఐ అంటే ఇంటి నంబరు కాదు, మొదటి ఇంటి ముందు నిలబడి ఎన్ని ఇళ్ళు దాటాలో ఆ లెక్క. మొదటి ఇంటికి దాటాల్సినవి సున్నా.

తను కాసేపు ఊరుకుని, "ఇంతేనా? ఇది అప్పుడే చెప్పుంటే..." అంది.

అప్పుడు నాకు తెలీదు. అది నా తప్పు కాకపోవచ్చు. కానీ "అదంతే" అన్నాను చూడండి, అది మాత్రం నా తప్పే.